సాక్ష్యం చెప్పిన తర్వాత

స్వప్నకు మొదట్లో ఫోను మోగితే భయం వేసేది. రానురాను ఆ భయం పోయి అలసట ఒక్కటే మిగిలింది. ఆమె భర్త యోహాను హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లో ఉన్న మూడు చిన్న క్రైస్తవ సహవాసాలకు పాస్టరు. ఆయన ఎప్పుడూ బస్సుల్లోనే ఉంటాడు కాబట్టి ప్రార్థన మనవులన్నీ ఆమెకే వచ్చేవి. ఒకరి కొడుక్కి కార్ల ఫ్యాక్టరీలో పని దొరకాలి. ఇంకొకరి బోరులో నీళ్లు పడాలి. లేపాక్షిలో ఒకామె మొగుడు తాగుడు మానాలి. పొయ్యి దగ్గర నిలబడి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని స్వప్న ప్రార్థన చేసేది. ఒక్కోసారి ఆమేన్ అన్నాక ఎవరికోసం ప్రార్థించిందో గుర్తొచ్చేది కాదు.

ఆ ఏడు చలికాలంలో మూడు సహవాసాలూ కలిసి పెనుకొండలో స్వస్థత కూటాలు పెట్టుకున్నాయి. సంఘ పెద్ద రవికుమార్, బళ్లో పంతులుగా చేసి రిటైరైనవాడు, అంతా తానై నడిపించాడు. బయటి ఊరినుంచి వచ్చిన బోధకుడు రోగులను వేదిక మీదికి పిలిచాడు. ధర్మవరం నుంచి వచ్చిన యశోద కూడా ఎక్కింది. ఆమెకు టీబీ. అప్పటికి కొన్నాళ్లుగా మాత్రలు మింగుతోంది, దగ్గు కాస్త తగ్గింది. బోధకుడు తల మీద చెయ్యి పెట్టి, జబ్బు పోయింది, సాక్ష్యం చెప్పు అన్నాడు. యశోద మైకు పట్టుకుని ఏడుస్తూ చెప్పింది. పందిరి కింద ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున యశోద భర్త హనుమంతు ఫోను చేశాడు. ఆయన మగ్గం నేస్తాడు, ప్రార్థనలకు రాడు. అంతకుముందు ఎన్నడూ ఫోను చేసినవాడు కాదు. ఒకసారి ధర్మవరం రావల్ల అని మాత్రం అన్నాడు. యోహాను ఎవరినో సమాధి చెయ్యడానికి బుక్కపట్నం పోయి ఉన్నాడు. స్వప్న ఒక్కతే బస్సెక్కింది. పెనుకొండ దాటేదాకా కిటికీకి తల ఆనించి కునికిపాట్లు పడింది. ఈసారి కూడా ప్రార్థన చేసి, టీ తాగి, సాయంత్రానికి తిరిగొచ్చేయవచ్చు అనుకుంది.

హనుమంతు ఇంట్లో మగ్గం ఆగి ఉంది. దాని పక్కన, గోడ వారగా చాప మీద యశోద పడుకుని ఉంది. మెడ కింద ఎముకలు తేలాయి. హనుమంతు గొంతు పెంచకుండానే మాట్లాడాడు.

"మీ ప్రార్థనకు నేనెప్పుడూ అడ్డం చెప్పలేదు పాస్టరమ్మా. మీ మీటింగు నుంచి వచ్చిన మర్సటి దినమే మాత్రలు తీసుకుపోయి కాలవలో పారేసింది. ఆసుపత్రి మాత్రలు తెచ్చిచ్చే ఆశమ్మ ఇంటికొస్తే నాకు నయమైపోయిందని పంపించేసింది. ఇప్పుడు దగ్గితే నెత్తురు పడతాండాది. నేను చెప్తే ఇనదు. మీరు చెప్తే ఇంటాది."

మాత్రలు మానమని మేమెవరం చెప్పలేదు అనే మాట స్వప్న నాలుక చివరిదాకా వచ్చింది. అది నిజమే. మానొద్దని కూడా ఎవరూ చెప్పలేదన్నది అంతకంటే నిజం. ఆమె ఆ మాట మింగేసి చాప పక్కన కూర్చుంది. ఆసుపత్రికి పోదాం రమ్మంది.

యశోద తల అడ్డంగా ఊపింది. దగ్గు ఆగాక అంది. "అంతమంది ముందర సాక్ష్యం చెప్పినాను కదక్కా. ఇప్పుడు మాత్ర మింగితే అబద్ధం చెప్పినట్ల కాదా?"

"నువ్వు అబద్ధం చెప్పలేదు. ఆ దినం నీకు బాగుండాది, బాగుందని చెప్పినావు. ఈ దినం బాగలేదు. ఇది కూడా చెప్దాం."

"దేవునికి కోపం రాదా?"

స్వప్నకు తెలిసిన బైబిలు వాక్యాలు చాలానే ఉన్నాయి, కానీ వాటిని వెతుక్కునే ఓపిక లేదు. "వస్తే నా మీదికి రానీలే," అంది. "నువ్వు లెయ్యి."

హనుమంతు ఆటో తెచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ స్వప్నను యశోదకు అక్క అనుకుని బాగా కోప్పడింది. మధ్యలో మానేస్తే పాత మందులకు జబ్బు లొంగకపోవచ్చు, మళ్లీ పరీక్షలు చెయ్యాలి, అనంతపురం పోవాలి, ఈసారి వైద్యం ఇంకా ఎక్కువ కాలం పడుతుంది అంది. నేను అక్కను కాను అని స్వప్న చెప్పలేదు. తల వంచుకుని అంతా విన్నది. బయటికొచ్చాక బెంచీ మీద కూర్చుని యశోద, ఆదివారం పెనుకొండలో నువ్వే అందరికీ చెప్పక్కా, నాకు ఇప్పుడు లేచి నిలబడి మాట్లాడే శక్తి లేదు అంది.

ఆ సంగతి రవికుమార్‌కు తెలిసి శనివారమే హిందూపురం వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. తన కూతురు పసితనంలో చావుదాకా పోయి బతికింది ప్రార్థన వల్లనే అని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. యశోదను తాను చూసుకుంటాననీ, కావాలంటే రోజూ పోయి ప్రార్థన చేసొస్తాననీ అన్నాడు. "అందరి ముందర మాత్రం చెప్పద్దమ్మా. ఎంతో మంది విశ్వాసం పోతాది," అని బతిమాలాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూసి స్వప్నకు జాలి వేసింది. యశోదే చెప్పమనింది సార్ అని మాత్రం అంది. ఆయన టీ ముట్టకుండానే లేచి వెళ్లిపోయాడు.

రాత్రి భోజనమయ్యాక చెయ్యి కడుక్కుంటూ యోహాను, రేపు ప్రసంగం తొందరగా ముగిస్తాను అన్నాడు. అంతకంటే ఆయన చెప్పలేడని ఆమెకు తెలుసు. అదే చాలనిపించింది.

పెనుకొండ సహవాసం వాళ్లు ప్రార్థన చేసుకునేది రేకుల కప్పు ఉన్న అద్దె గదిలో. ఆ ఆదివారం కరెంటు లేదు. ఆడవాళ్లు కొంగులతో విసురుకుంటున్నారు. స్వప్న మైకు లేకుండానే నిలబడింది.

"యశోద జబ్బు పోలేదు. మాత్రలు మానింది కాబట్టి ఎక్కువైంది. మీకు చెప్పమని ఆమే నన్ను పంపించింది. ప్రార్థన చేయించుకున్నాం కదా అని మీలో ఎవురన్నా మందులు మానింటే ఈ దినమే మళ్లీ డాక్టరు దగ్గరికి పోండి. మేం ప్రార్థన మానం. మీరు మందులు మానద్దండి."

అంతే చెప్పి కూర్చుంది. ఎవరూ ఆమేన్ అనలేదు. రవికుమార్ బైబిలు మూసి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. ఆయన వెనకే ఒక కుటుంబం లేచింది. వాళ్లు మళ్లీ రాలేదు.

ఆరాధన అయ్యాక రంగనాయకమ్మ, సహవాసంలో అందరికంటే పెద్దామె, స్వప్నను గోడ పక్కకు పిలిచింది. షుగరు మాత్రలు తాను కూడా ఆ కూటాల తర్వాత మానేసిందట. కాలికి దెబ్బ తగిలితే మానడం లేదని చీర పైకెత్తి చూపించింది. ఆమె వెళ్లాక అదే సహవాసంలోని నాగన్న వచ్చాడు. ఆయన మూర్ఛ మాత్రలు మానేశాడు. పెళ్లానికి కూడా చెప్పలేదట. వాళ్లు చెబుతుంటే స్వప్నకు గెలిచినట్టు అనిపించలేదు. ఇంకా ఎంతమంది ఉన్నారో, వాళ్లందరి ఇళ్లకూ ఎవరు తిరగాలో అనుకుంది.

భార్యాభర్తలిద్దరూ తిరిగారు. యోహాను ధర్మవరం పోయినప్పుడల్లా యశోద మాత్ర మింగేదాకా ఎదురుగా కూర్చునేవాడు. కొత్త మందులకు ఆమెకు వాంతులయ్యేవి. ఒకసారి విసిగిపోయి, చచ్చిపోతే సరిపోతుంది అంది. హనుమంతు మగ్గం మీదనుంచి లేచొచ్చి, ఆమె నోరు తుడిచి మళ్లీ పోయి నేతకు కూర్చున్నాడు. రంగనాయకమ్మ కాలి పుండు మానడానికి చాలా కాలం పట్టింది. ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. అది స్వప్నకు ఇంకా కష్టంగా ఉండేది.

వానలు మొదలయ్యాక ఒక రోజు స్వప్న ధర్మవరం పోయేసరికి రవికుమార్ ఆ ఇంటి గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. పక్కన కోడిగుడ్ల అట్ట ఉంది. నిద్ర పడతాందా తల్లీ అని యశోదను అడిగాడు. యశోద గోడకు ఆనుకుని కూర్చుని దారం చుడుతూ, ఇప్పుడు పడతాంది సార్ అంది. నెత్తురు పడటం ఆగింది. మందులు ఇంకా చాలా నెలలు వాడాలి.

ఆ వారం ఉపవాస ప్రార్థన హిందూపురంలో స్వప్న ఇంట్లోనే జరిగింది. మూడు సహవాసాల ఆడవాళ్లూ చుట్టూ కూర్చుని ఎవరి బాధ వాళ్లు చెప్పుకున్నారు. స్వప్న మోకాళ్ల మీద ఉండి కుర్చీకి తల ఆనించింది. కనగానపల్లి నుంచి వచ్చినామె తన ఆవు గురించి చెబుతోంది. ఆ మాటలు దూరం దూరంగా వినిపించి, తర్వాత వినిపించడం మానేశాయి. స్వప్న నిద్రపోయింది.

రంగనాయకమ్మ అది చూసి మిగతావాళ్లకు చెయ్యి చూపించింది. అందరూ గొంతులు తగ్గించారు. పాట పాడకుండానే, మెల్లగా ప్రార్థన ముగించారు. ఇద్దరు కలిసి ఆమెను చాప మీదికి జరిపి, తల కింద ఒక దుప్పటి మడిచి పెట్టారు. ఆమె లేచేసరికి మధ్యాహ్నం దాటింది. ఇల్లంతా ఊడ్చి ఉంది. పొయ్యి మీద సంగటి, పక్కన పప్పు మూత పెట్టి ఉన్నాయి. స్వప్న కడుపు నిండా తిని, గిన్నె కూడా కడగకుండా మళ్లీ పడుకుంది.