ఊరు, వయసు, రోగం

పెనం మీద రొట్టె కాలేలోపు రెండు పేర్లు తీసేస్త. తిప్పేసి ఇంకో రెండు. జొన్నపిండి ల్యాప్‌టాప్ మీటలకు అంటొద్దని చిటికెన వేలు ఒక్కటి పొడిగ పెట్టుకున్న, దాంతోనే కొడుతున్న. మొయినాబాద్‌ల ఒక ప్రైవేటు దవాఖానల కౌంటర్ కాడ కూసొని పేషెంట్ల వివరాలు కంప్యూటర్‌ల ఎక్కించుడు నా పని. ఇప్పుడు మా రెండు బ్రాంచీల ఐదేండ్ల రికార్డు పట్నంల ఒక కంపెనీకి పంపాల్నట, ఏందో పరిశోధనకు. "పేర్లు, ఫోన్ నంబర్లు తీసెయ్యమ్మా ప్రేమజ్యోతి, అంతే. మనిషికొక లైను, ఆ లైన్లు మాత్రం తగ్గొద్దు," అన్నడు మేనేజర్ నాగేందర్ సార్. కౌంటర్ కాడ జనముండంగ ఎప్పుడు చెయ్యాలె సార్ అంటే, "ఇంటికాడ ఖాళీనే గదా," అన్నడు. ఇంటికాడ ఖాళీ అట. ఆయన రొట్టెలు ఆయనే చేసుకుంటడేమో మరి. ల్యాప్‌టాప్ చేతుల పెట్టిండు, ఒక్క పూట సెలవు మాత్రం ఇయ్యలే.

అందరికంటె ముందు నా పేరే తీసేసిన. ఎందుకో ముందల చెప్త.

మా ఆయన రత్నాకర్ ఒక ఫాంహౌస్‌ల సూపర్వైజర్. ఆరింటికల్లా ఇంట్లుంటడు. మొదటిరోజు నా వెనక నిలబడి జరసేపు చూసిండు. "పేర్లు లేకుంటే ఏం మజానే," అనుకుంట ల్యాప్‌టాప్ తన దిక్కు గుంజుకున్నడు. "అమ్మా, చెప్పు చూద్దాం," అని ఇంగ్లీషుల ఉన్నదాన్ని తెలుగు చేసి చదివిండు. "చిల్కూరు. అరువై ఒకటి. మగ. మూలశంక ఆపరేషన్. పూజసామాన్ల దుకాణం." మా అత్తమ్మ మారెమ్మ ఎల్లిపాయ ఒలుస్తున్నది. జర సోంచాయించి, "అనంతయ్య," అన్నది. "అందుకే నెల దినాలు నిలబడే అమ్మిండు." తల్లీకొడుకులు పడి పడి నవ్విండ్రు. అబద్ధమెందుకు, నేను గూడ నవ్విన.

పేరు తీసేస్తే మనిషి మాయమైతడని నాగేందర్ సార్ అనుకున్నడు. పట్నపోళ్లకు మాయమైతడేమో. మా చిల్కూరుల ఊరు, వయసు, రోగం చెప్తే ఇంక పేరు ఎవలకు కావాలె? ఎవరి బిడ్డకు కాన్పుల ఎన్ని కుట్లు పడ్డయో మా అత్తమ్మకు యాదికుంటది. నేను అట్ల ఇరవై లైన్ల దాంక రొట్టెలు కాల్చుకుంట విన్న. ఆపమని అనలే. అంటే "నీకేం నొప్పి" అంటడని ఊకున్న. నా ఊకునుడు గూడ ఆ ఆటల ఒక చెయ్యే.

"చిల్కూరు. ఇరవై మూడు. ఆడ. ఫిట్స్. చిన్నపిల్లల బడి టీచర్," అని చదివిండు. నా చెయ్యి పెనానికి తగిలి సుర్రుమన్నది. మా ఊర్ల చిన్నపిల్లల బడి ఒక్కటే, దాంట్ల గంత చిన్న టీచర్ ఒక్కతే. "స్వామిదాసు బిడ్డ షారోన్," అన్నది అత్తమ్మ, గొంతు తగ్గించి. మా చర్చి పిల్లనే. వచ్చే నెల పెండ్లి. "ఎవ్వరికి చెప్పకుండ్రి, మీకు దండం పెడ్త," అన్న. రత్నాకర్ నవ్విండు. "పేరే లేకపాయె, ఇంక గుట్టేడిదే?"

ఆదివారం ప్రార్థన అయినంక, బయట చెప్పులేసుకుంట రత్నాకర్ పెండ్లికొడుకు చిన్నాయనకు చెప్పిండు. మంచికే చెప్పిండట. మంగళవారం పెండ్లి తప్పిపోయింది. బుధవారం షారోన్ దవాఖానకొచ్చింది. అందరి లెక్కనే లైన్ల నిలబడి, తన వంతు వచ్చినంక అద్దంల నుంచి అడిగింది. "అక్కా, నా పేరు ఎవరు చెప్పిండ్రు?"

"పేరు ఎవ్వరు చెప్పలే," అన్న. నిజమే చెప్పిన. అంత పాడు నిజం నా జన్మల ఎన్నడు చెప్పలే. ఆ పిల్ల నా మొఖంల మొఖం పెట్టి చూసి, "మూడేండ్ల సంది ఒక్కసారి గూడ రాలే అక్కా నాకు," అని గోలీల చీటీ మడుచుకొని పోయింది.

సార్ కాడికి పోయి, ఊరు, వయసు, పని గూడ తీసేద్దామని అడిగిన. "అవి తీసేస్తే వాళ్లు ఏం చేసుకుంటరమ్మా? పేర్లు తీసినం, రూల్ ఐపాయె. ఎక్కువ ఆలోచించకు," అన్నడు. ఎక్కువ ఆలోచించకు. ఇంట్ల గదే మాట, పనికాడ గదే మాట. ఆ సాయంత్రం నేనే కూసొని పైనుంచి వరుసగ మార్సుడు సురువు చేసిన. ఊరు కాడ ఉత్త జిల్లా, వయసు కాడ ఇరవై నుంచి ముప్పై, పని కాడ ఏం లేదు. మూడొందల లైన్లు కాంగనే రత్నాకర్ చాయ్ అడిగిండు. చాయ్ పెట్టుకొచ్చేసరికి ల్యాప్‌టాప్ ఆయన ఒడిల ఉన్నది, ఆట మళ్ల సురువైంది.

"చిల్కూరు. ముప్పై మూడు. ఆడ. గృహిణి. ఎడమ చెవుల పొర పగిలింది. మొగడు కొట్టిండని చెప్తున్నది. ఇంట్ల తెల్వొద్దని కోరింది."

అది నేను. రెండేండ్ల కింద ఆటో దొరక్క గంట ఆలస్యమైతే కొట్టిన దెబ్బ. మూడు దినాలు చెవుల నుంచి నీరు కారింది. మొయినాబాద్‌ల అందరు ఎరుకున్నోళ్లేనని చేవెళ్లల ఉన్న మా ఇంకో బ్రాంచికి పోయి, గృహిణి అని రాయించుకున్న. డాక్టరమ్మ తలుపేసి అడిగింది. పెండ్లయిన పదకొండేండ్లల నేను ఉన్నదున్నట్టు చెప్పింది ఆ ఒక్క తలుపు వెనకనే. కొట్టినాయనకు కొట్టింది యాదికి లేదు, పగిలింది తెల్వదు. ఎడమ దిక్కు నుంచి పిలిస్తే పలుకుత లేనని, "చెవుడా, పొగరా?" అని మాత్రం రోజు అడుగుతడు.

"ఎవలే అమ్మా ఇది?" అన్నడు.

అత్తమ్మ నా దిక్కు చూసింది. ఆమెకు సమజైంది. కొట్టిన నాడు వాకిట్లనే ఉండె. నేను చూస్తున్ననని తెలిసి కండ్లు దించి, ఎల్లిపాయ రెబ్బ ఒకటి గిల్లుకుంట, "ఎల్లేశ్ పెండ్లామేమో," అన్నది.

"ఉమారాణి. గదే. నంగనాచి తుంగబుర్ర. మొగని మీద దవాఖానల చాడీలు చెప్తదా? ఎల్లేశ్‌గానికి తెల్వాలె," అని ఫోన్ తీసిండు. ఎల్లేశ్ మా వెనక గల్లిల ఉంటడు, జేసీబీ నడుపుతడు. ఆయన చెయ్యి ఎంత బరువో గల్లి గల్లికి ఎరుకే. ఈ మాట వింటే ఇయ్యాల ఉమారాణి నడుము లేవదు. నేను నోరు మూసుకుంటే నాకేం కాదు. పేరు లేదు, నేనే తీసేసిన.

"హలో, ఎల్లేశ్," అన్నడు రత్నాకర్. పోయి ఫోన్ గుంజుకొని కుడి చెవుకు పెట్టుకున్న.

"ఎల్లేశన్నా, నేను ప్రేమజ్యోతిని. రత్నాకర్ కొడితే నా చెవు పోయింది. దవాఖానల చెప్పుకున్న. ఆ రాతే చదివి ఇంకెవరిదో అనుకొని నీకు ఫోన్ చేసిండు. అది నాది. నా ముచ్చట చెప్పుకుంటే నేనే చెప్పుకుంట."

రత్నాకర్ లేచి నిలబడ్డడు. "దాని మాటలు నమ్మకు బిడ్డా," అన్నది అత్తమ్మ ఫోన్ దిక్కు మెడ చాపి. అవుతల ఎల్లేశ్ నవ్విండు. "గింతేనా వదినా. నేనింకేమో అనుకున్న. సంసారమన్నంక ఒక దెబ్బ పడ్తది, ఒకటి పోతది."

"ఉమారాణికి ఇయ్యన్నా," అన్న. "ఆడోళ్ల ముచ్చట." నవ్వుకుంటనే ఇచ్చిండు.

ఎల్లేశ్‌కు చెప్పిందే ఆమెకు మళ్ల చెప్పిన, మెల్లగ. రత్నాకర్ నా రెక్క పట్టి గుంజుతున్నడు, నేను ఫోన్ ఇడువలే. అటు టీవీ చప్పుడు దూరమైంది. ఉమారాణి ఎటో నడిచినట్టున్నది.

"ఏ చెవు అక్కా?" అని అడిగింది.

"ఎడమది."

"నాది కుడిది," అన్నది.