లోపలి డ్యూటీ

అద్దాన్ని అడ్డంగా తుడవకూడదు, పైనుంచి కిందికి తుడవాలి. ఒకసారి లాగాక గుడ్డ మడత మార్చాలి. లేకపోతే ఆ మడతలో చిక్కిన ఇసుకే అద్దాన్ని గీసేస్తుంది. దేవయ్య మోకాళ్ల మీద కూర్చుని, బకెట్లో గుడ్డ పిండి, మళ్లీ పైనుంచి మొదలుపెట్టాడు. ఒమాన్‌లోని రుస్తాఖ్ కొండల వెనక ఇంకా సరిగ్గా తెల్లవారనే లేదు, అప్పుడే ఒళ్లంతా చెమట. జూలై నెల మరి.

మొహం చూసుకునే అద్దాలు కావవి. దోనెల్లాగా వంచి వరుసలుగా నిలబెట్టినవి. ఎండనంతా పోగుచేసి మధ్యలో ఉన్న గొట్టం మీద పోస్తాయి. గొట్టంలో నీళ్లు మరుగుతాయి, ఆ వేడికే షెడ్డులో ఖర్జూరాలు ఉడుకుతాయి, ఆరతాయి. కట్టె అక్కర్లేదు, డీజిలు అక్కర్లేదు. యూరప్‌లోని నాలుగైదు దేశాల చదువులవాళ్లు కలిసి చేస్తున్న పరిశోధన ఇది. ఎండతో ఫ్యాక్టరీ నడుస్తుందా, అలా ఆరిన పండులో రుచీ బలమూ నిలుస్తాయా అని చూస్తున్నారు. ఆ ఎండలో మనిషి ఎంతసేపు నిలుస్తాడో చూద్దామని మాత్రం ఎవరికీ తట్టలేదు. దేవయ్య వచ్చినప్పటి నుంచి అద్దాలే తుడుస్తున్నాడు.

అతనిది జగిత్యాల పక్కన పల్లె. యాభై దాటాయి. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉంటాడు. మెడ వెనక చర్మం మాడి ముడతలు పడింది, అరచేతులు మాత్రం నీళ్లలో నానీ నానీ పాలిపోయాయి. దుబాయిలో ఇటుకలు మోశాడు, మస్కట్‌లో కందకాలు తవ్వాడు. ఎక్కడా పదిమందికి గుర్తుండే పని చేసింది లేదు, ఒకరితో మాట పడింది లేదు. పోయిన ఎండాకాలం సైట్‌లో కళ్లు తిరిగి పడిపోతే, కిడ్నీలు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. నీళ్లు బాగా తాగమన్నాడు, ఎండ పని మానెయ్యమన్నాడు. మానేస్తే కూడు ఎవడు పెడతాడు? చెప్పడానికేం, ఎన్నైనా చెబుతారు.

అప్పటి నుంచి దేవయ్య ఆశంతా లోపలి గది మీదే. ఆరిన పండ్లను తూచి, కోసి, రుచి చూసే గది అది. ఏసీ ఉంటుంది. అక్కడ పనిచేసే మనిషి తన దేశం వెళ్లిపోయాడు. రుచుల పరిశోధన చూసే తెల్ల మేడమ్ ఉందే, ఆవిడ గీత పడకుండా తుడిచే దేవయ్య చేతుల్ని చూసి, ఈయన్నే ఇమ్మని తానే అడిగింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు కదా! మంగళవారం యూరప్ నుంచి పెద్దలొస్తున్నారు, అద్దాలు తళతళలాడాలి, లోపలికి ఆ తర్వాతే అన్నాడు ఫోర్‌మన్ తౌసీఫ్. ఇవాళ సోమవారం. ఈ ఒక్క పూట గడిస్తే చాలు.

కానీ సోమవారంతోనే వచ్చింది చిక్కు. లోపలి డ్యూటీ దొరికితే గుడి చుట్టూ తిప్పి కోడెను కడతానని వేములవాడ రాజన్నకు మొక్కాడు దేవయ్య. అది దొరికేదాకా ప్రతి సోమవారం పొద్దు గుంకేవరకు పచ్చి మంచినీళ్లు ముట్టనని కూడా మొక్కాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఒంటికి నీళ్లు కావాలని డాక్టరంటే, ఆ ఒంటిని కాపాడమని దేవుడికి మొక్కి నీళ్లే మానేశాడు. అతనికి మాత్రం ఇందులో తప్పేమీ కనబడలేదు. ఊరికే అడిగితే దేవుడైనా ఎందుకిస్తాడు?

ఊళ్లో ఉన్న భార్య రాములవ్వకు లోపలి డ్యూటీ ఎప్పుడో దొరికిందని చెప్పేశాడు. ఏసీలో కూర్చునే మనిషివి ఇంత నల్లబడ్డావేమని ఆమె వీడియోలో నిలదీస్తే, ఇది పాత ఫోను, ఇందులో అందరూ నల్లగానే కనబడతారని తప్పించుకున్నాడు.

ఎండాకాలం నడిమధ్యాహ్నం బయటి పని బంద్. సర్కారు రూలు. అందరూ రేకుల పందిరి కింద చేరారు. పైన రేకుల సెగ, కింద నేల సెగ. రూమ్‌లో దేవయ్య పక్క మంచం ఓంకార్‌ది, అతనిదీ జగిత్యాల వైపే. మజ్జిగ ప్యాకెట్ కొరికి తెరిచి దేవయ్య చేతిలో పెట్టబోయాడు.

"ఇయ్యాలన్న తాగు అన్నా. రాజన్న ఏమనడు. నీ పెదవులు సూడు, ఎట్ల పలిగినయో."

"రేపటి సంది లోపలనే గద తమ్మీ. ఒడ్డుకొచ్చినంక మొక్కు చెడగొట్టుకుంటనా?"

ఓంకార్‌కు ఒళ్లు మండింది. ఆ మజ్జిగ తనే తాగేసి అటు తిరిగి పడుకున్నాడు.

బంద్ ముగియగానే మళ్లీ బకెట్లు లేచాయి. చివరి వరుసలకు వచ్చేసరికి దేవయ్యకు చెమట పట్టడం ఆగిపోయింది. ఎండ తగ్గిందనుకున్నాడు పాపం. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. గుడ్డ రెండుసార్లు చేతిలోంచి జారింది. అప్పుడు భయం వేసింది. ఇక్కడ పడిపోతే తౌసీఫ్ చూస్తాడు, పనికిరాడంటాడు, లోపలి డ్యూటీ ఇంకొకడికి పోతుంది. అందుకే అద్దం చట్రం పట్టుకుని నిలదొక్కుకుంటూ మిగిలినవీ తుడిచాడు. మడత మార్చడం మాత్రం మరిచిపోలేదు.

ఆఖరి అద్దం అయ్యేసరికి గది తలుపు దగ్గర నిలబడి మేడమ్ చూస్తోంది. చెయ్యూపి లోపలికి పిలిచింది. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే వచ్చెయ్యమని వచ్చీరాని హిందీలో చెప్పింది. తెల్లకోటు ఇచ్చి తొడుక్కోమంది, కుర్చీ చూపించింది. ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసి అందించింది. డ్యూటీ దొరికినా పట్టిన సోమవారం మధ్యలో విడవకూడదని, దేవయ్య రెండు చేతులా అందుకుని బల్ల మీద పెట్టాడు. కిటికీలోంచి పొద్దును చూపించి, అది కిందికి దిగాక తాగుతానని సైగ చేశాడు. ఉపవాసాలు ఈ దేశంలో ఆవిడ చూడనివి కావు. సరేనని తలూపి తన తూకాల దగ్గరికి వెళ్లిపోయింది.

చల్లగాలి మెడ వెనక తగిలింది. దేవయ్య గోడకు తల ఆనించాడు. అబ్బ, ఎంత హాయి! ఇక రాములవ్వకు అబద్ధం చెప్పే పని లేదు. ఈ కోటుతోనే కనబడాలి, ఎంత నల్లగున్నా సరే. అలా అనుకుంటూనే కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి మేడమ్ తిరిగి చూసి, నిద్రపోయాడనుకుని, అతని వైపు లైటు ఆర్పింది.

పొద్దు గుంకగానే ఓంకార్ వచ్చాడు. మధ్యాహ్నపు కోపం ఎప్పుడో పోయింది. గదిలోకి తొంగిచూసి, తెల్లకోటులో దేవయ్యను చూసి నవ్వుకుంటూ దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, పొద్దు గూకింది. లే, నీళ్లు తాగు."

భుజం పట్టి కదిపాడు. తల పక్కకు వాలిపోయింది. ఓంకార్ దేవయ్య ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఊపిరి తగలక మేడమ్‌ను కేకేశాడు.

అంబులెన్స్ వచ్చింది, తీసుకెళ్లింది. మేడమ్, ఓంకార్ కూడా దాని వెంటే వెళ్లారు. గదిలో ఏసీ తిరుగుతూనే ఉంది. బల్ల మీద సీలు తియ్యని నీళ్ల సీసా, దాని చుట్టూ కారిన చెమ్మ.