పదికి రెండు

వేడినీళ్ళ తొట్టి మూత తీయగానే ఆవిరి లేచి రేణు కళ్ళజోడును కప్పేసింది. ఆమె తుడుచుకోలేదు. కాపడానికి వాడే ఏ హాట్‌ప్యాక్ ఏ మూల ఉందో చూడకుండానే తెలుసు. పటకారుతో ఒక్కోటీ పైకి తీసి, నీళ్ళు కారనిచ్చి, మందపాటి తువ్వాలులో చుట్టి బల్ల మీద వరసగా పేర్చింది. బయట అమెరికాలోని ఈ నోవై ఊరంతా మంచు కింద ఉంది. పార్కింగ్ లాట్ అంచున ఊడ్చిపోసిన మంచుదిబ్బ నెలరోజులుగా కరగక బొగ్గు రంగుకు తిరిగింది.

రేణు చేతులు పొట్టివి. అరచేతులు వెడల్పు, బొటనవేళ్ళు రెండూ వెనక్కి వంగి ఉంటాయి. పదకొండేళ్ళు ఖమ్మం ఆసుపత్రిలో మిర్చి యార్డు హమాలీల భుజాలూ, నాట్లు వేసే ఆడవాళ్ళ నడుములూ నొక్కగా వచ్చిన వంపు అది. అక్కడ అందరూ డాక్టరమ్మా అని పిలిచేవారు. నేను డాక్టర్ని కాదు, ఫిజియోథెరపిస్టునని చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఊరుకుంది.

భర్త కిరణ్‌కుమార్ వెంట ఈ దేశం వచ్చాక వర్క్ పర్మిట్ కోసం ఏడేళ్ళు ఇంట్లో కూర్చుంది. తీరా అది వచ్చాక తెలిసింది, ఇక్కడ ఆ పని చేయాలంటే మళ్ళీ చదవాలి, మళ్ళీ పరీక్ష రాయాలి. ఈలోగా ఆ వాసనైనా తగులుతుందని ఈ క్లినిక్‌లో చేరింది. మెడలోని బ్యాడ్జీ మీద ‘ఎయిడ్’ అని ఉంటుంది. ఎయిడ్ అంటే సహాయకురాలు, బల్లలు తుడవాలి, తువ్వాళ్ళు మడవాలి, హాట్‌ప్యాకులు పెట్టాలి. రోగి జబ్బు గురించి మాత్రం నోరు మెదపకూడదు.

రేణు రెండుసార్లు మెదిపింది. రెండుసార్లూ మేనేజరు గ్రెగ్ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. మూడోసారి ఉద్యోగం ఉండదని నవ్వుతూ చెప్పాడు. ఆయన ఏం చెప్పినా నవ్వుతూనే చెబుతాడు, అదొక జబ్బు.

ఎనిమిదింటికి రాజేశ్వరమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ళు, తెనాలి మనిషి, నాలుగేళ్ళుగా ఇక్కడే కూతురింట్లో ఉంటోంది. కూతురు ఇంద్రజ ఆమెను గుమ్మం దాకా తీసుకొచ్చి, “అమ్మా, అయిపోయాక కాల్ చెయ్. నేను కార్‌లో మీటింగ్‌లో ఉంటా” అని చెవిలో ఇయర్‌ఫోన్ సర్దుకుంటూ వెళ్ళిపోయింది.

నాలుగు నెలలుగా రాజేశ్వరమ్మకు కుడి భుజం నొప్పి. డాక్టరు స్కాన్ రాస్తే, ముందు ఆరు వారాలు ఫిజియోథెరపీ చేయించుకోవాలని ఇన్సూరెన్సు వాళ్ళు అడ్డం పడ్డారు. అప్పటికీ తగ్గలేదని థెరపిస్టు రాసిస్తే స్కాన్ ఇస్తారు. తగ్గిందని రాస్తే ఇవ్వరు. ఇవాళ పన్నెండోసారి రావడం, ఇదే ఆఖరు.

థెరపిస్టు మెగన్‌కు ఇరవై ఏడేళ్ళు. మంచి పిల్ల, గంటకు నలుగురు రోగుల మధ్య పరుగులు పెడుతూ ఉంటుంది. టాబ్లెట్‌ను స్టాండుకు తగిలించి దుభాషిని పిలిచింది. తెరలోంచి ఎవరో తెలుగావిడ, “సున్నా నుంచి పది వరకు, ఇవాళ మీ నొప్పి ఎంత ఉందండీ?” అని అడిగింది. గోడ మీద సున్నా దగ్గర నవ్వే ముఖం నుంచి పది దగ్గర ఏడ్చే ముఖం దాకా ఆరు బొమ్మల చార్టు ఉంది. రాజేశ్వరమ్మ దానికేసి చూడలేదు. మెగన్ ముఖంలోకి చూసి రెండు వేళ్ళు చూపించింది.

“రెండమ్మా. రెండే. ఈ పిల్ల చేతిలో ఏదో మహిమ ఉంది.”

మెగన్ చప్పట్లు కొట్టింది. మొదటిరోజు ఏడు, ఇవాళ రెండు. అనుకున్నదంతా నెరవేరింది, చికిత్స ముగిస్తున్నాను అని కంప్యూటర్‌లో రాయడం మొదలుపెట్టి, మధ్యలో పక్క బల్ల మీది మోకాలి రోగి పిలిస్తే అటు పరుగెత్తింది.

రేణు హాట్‌ప్యాక్ తెచ్చింది. రాజేశ్వరమ్మ వేళ్ళ కొసల దాకా వచ్చే కూతురి పాత స్వెట్టరులో ముడుచుకుని ఉంది. దాన్ని భుజం మీంచి దించబోతే ముసలావిడ పళ్ళు బిగించింది.

“పెద్దమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?” రేణు గొంతు తగ్గించి అడిగింది.

“నిద్రా? నెలయింది తల్లీ పడుకుని. కుర్చీలో కూర్చునే తెల్లారుస్తున్నా.”

“మరి రెండని చెప్పారేంది?”

“ఆరు వారాల్నించీ ఆ పసిది ఒళ్ళు వంచి నొక్కుతోంది. తగ్గలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పనూ? చిన్నబుచ్చుకోదూ?”

రేణుకు కొత్తేమీ కాదు. ఖమ్మంలో కూడా ఆడవాళ్ళు శానా నయం డాక్టరమ్మా అని చెప్పి గుమ్మం దాటగానే కుంటేవారు. చెయ్యి వేసి నొక్కిన మనిషికి నొప్పి తగ్గలేదని చెప్పడం మనవాళ్ళకు చేతకాదు. అందుకే ఆమె అక్కడ అంకెలు అడగడం మానేసింది. జడ వేసుకుంటున్నావా, బిందె ఎత్తుతున్నావా అని అడిగేది.

స్వెట్టరులోంచి చెయ్యి పూర్తిగా బయటికొచ్చింది. మణికట్టు బోసిగా ఉంది.

“గాజులేవి పెద్దమ్మా?”

“జారిపోతున్నాయని ఇంద్రజ తీసి దాచింది. చిటికెనవేలు కూడా ఎప్పుడూ తిమ్మిరేనమ్మా.”

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. రేణు తలెత్తి చూసింది. కుడి కంటి రెప్ప ఎడమదానికంటే కిందికి వాలి ఉంది. పోయిన గురువారమే అది ఆమె కంట్లో పడింది. అప్పుడు నోరు మూసుకుంది. ఆ వారం రోజులు తలచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. భుజం నొప్పి, సన్నబడ్డ చెయ్యి, వాలిన రెప్ప ఒకే వైపు కనబడితే భుజం నొక్కుతూ కూర్చోకూడదనీ, ఊపిరితిత్తి పైకొసన గడ్డ ఏమైనా ఉందేమో లోపల చూడాలనీ ఆమెకు కాలేజీలోనే నేర్పారు. ఇప్పుడు మెగన్ తగ్గిందని రాసి ముగిస్తే స్కాన్ ఉండదు, మళ్ళీ డాక్టరు కనబడేది మే నెలలో.

అద్దాల గదిలో గ్రెగ్ కాఫీ తాగుతున్నాడు. తలుపు తెరిచే ఉంది. రేణు చేతి తొడుగుల డబ్బా చించి, ఆ అట్ట మీద మార్కర్‌తో అయిదు ప్రశ్నలు రాసింది. పైన తెలుగు, కింద ఇంగ్లీషు. జడ మీరే వేసుకుంటున్నారా? రవిక మీరే తొడుక్కుంటున్నారా? పిండి కలుపుతున్నారా? డబ్బా మూత తీస్తున్నారా? రాత్రి పడుకుంటున్నారా?

“మెగన్!” హాలంతా వినబడేలా పిలిచింది. బల్లల మీది జనమంతా తలలు తిప్పారు. గ్రెగ్ కూడా తిప్పాడు.

మెగన్ వచ్చి, “రేణూ, నువ్వు ఇలా...” అని అద్దాల గది వైపు చూసింది.

“తెలుసు. ముందు ఆమె రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడు. తరువాత కళ్ళు చూడు. తరువాత ఇవి అడుగు.”

మెగన్ చూసింది. ఆమె ముఖంలో నవ్వు చెరిగిపోయింది. “నేనెందుకు చూడలేదు?” అని గొణుక్కుని, దుభాషి చేత ఒక్కో ప్రశ్నా అడిగించింది. రాజేశ్వరమ్మ తప్పించుకునే దారి కోసం రేణు వైపు చూసింది.

“ఉన్నది ఉన్నట్టు చెప్పండి పెద్దమ్మా. ఈ పిల్ల ఏమీ అనుకోదు. తగ్గలేదని మీరంటేనే ఆమె మీకు ఏదన్న చెయ్యగలదు.”

ముసలావిడ ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి మెగన్ ముందు పెట్టింది. తరువాత అయిదింటికీ లేదమ్మా, లేదమ్మా అంటూ జవాబు చెప్పింది. మెగన్ అట్ట మీదే పెన్సిల్‌తో అయిదు చోట్లా గుర్తు పెట్టి, కంప్యూటర్‌లో రాసిందంతా కొట్టేసింది. స్కాన్ రాసే అధికారం తనకు లేదు. డాక్టరుకు ఫోన్ చేసింది. అవతలివాళ్ళు నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. ఆ నలభై నిమిషాలూ మెగన్ రోగులందరికీ హాట్‌ప్యాకులు పెట్టింది రేణే. చివరికి డాక్టరే లైన్‌లోకి వచ్చాడు. కాసేపటికి మెగన్ బొటనవేలు పైకెత్తింది. భుజానికీ ఛాతీకీ అర్జంటు స్కాన్, సోమవారం ఉదయం ఎనిమిదింటికి.

“రేణూ, ఒక్క నిమిషం,” అన్నాడు గ్రెగ్ నవ్వుతూ.

గదిలో కాగితం సిద్ధంగా ఉంది. “నీ ఉద్దేశం మంచిదే. కానీ నువ్వు ఎయిడ్‌వి.”

“మీ రూలు తప్పాను. సంతకం పెడతాను. నేనేం చూశానో కూడా అందులో రాయండి. కుడి చెయ్యి, కుడి రెప్ప. అది రాయకపోతే పెట్టను.”

గ్రెగ్ నవ్వు ఆపడం ఆమె చూడటం అదే మొదటిసారి. రెండు లైన్లు చేర్చాడు. రేణు అక్షరం అక్షరం చదివింది. సంతకం పెట్టి, దాని కింద తన డిగ్రీ రాసి, ఫిజియోథెరపిస్టు, పదకొండేళ్ళు అని కూడా రాసింది. బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టి, బయటికొచ్చి, సగంలో వదిలేసిన తువ్వాళ్ళు మడిచేసింది. సగం పని వదిలి వెళ్ళడం ఆమెకు నచ్చదు.

మెగన్ అంతా చెప్పినట్టుంది, గుమ్మం దగ్గర ఇంద్రజ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. “సారీ రేణూ. మీటింగ్ అంటూ బయటే కూర్చున్నా. ఒక్కసారి లోపలికొచ్చి ఉంటే నాకు తెలిసేది.”

“సోమవారం మాత్రం మీటింగ్ పెట్టుకోకు.”

రాజేశ్వరమ్మ ఎడమచేత్తో రేణు చెయ్యి పట్టుకుంది. “నా మూలాన నీ ఉద్యోగం పోయిందటగా తల్లీ. ఇంతకీ లోపల ఏముంటుందంటావ్?”

“నాకు తెలియదు పెద్దమ్మా. సోమవారం తెలుస్తది. అక్కడ ఎవరన్న ఎంత నొప్పి అని అడిగితే మళ్ళీ రెండనకండి.”

“తొమ్మిదంటాలే,” అంది రాజేశ్వరమ్మ.

రేణు మంచు బూట్లు తొడుక్కుని, కోటు జిప్పు మెడ దాకా లాక్కుని వెళ్ళిపోయింది. కారు అద్దం మీది మంచును గీకుతుంటే బొటనవేళ్ళు నొప్పెట్టాయి, అయినా మొత్తం గీకాకే కారెక్కింది.

లోపల మెగన్ తరువాతి రోగిని కూర్చోబెట్టి, టేపు ముక్క చింపి, ఆ అట్టను గోడ మీది చార్టుకు అంటించింది. అయిదు పెన్సిలు గుర్తుల ఆ అట్ట, సున్నా దగ్గర నవ్వుతున్న ముఖాన్నీ రెండు దగ్గర నవ్వుతున్న ముఖాన్నీ కప్పేసి, కొంచెం వంకరగా అక్కడే ఉండిపోయింది.