సన్నాయి కోటిలింగం కడుపులో నేను

నేను ఒక కెమెరా గొట్టాన్ని. డాక్టర్లు స్కోపు అంటారు. ఆయాలైతే "అది ఖరీదైంది, ముట్టుకోకు" అంటారు. ఎక్కడో చలిదేశంలో పుట్టి రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి చేరాను. మనుషుల ముఖాలు నాకు పెద్దగా తెలియవు. నేను చూసేదంతా వాళ్ల కడుపుల్లోనే.

కోటిలింగం ముఖం మాత్రం చూశాను. ఆయనకు మత్తు ఇవ్వకముందే నన్ను బల్ల మీద సర్దారు. పెళ్లిళ్లలో సన్నాయి వాయించే మనిషి. కడుపునొప్పిని గ్యాస్ అనుకుని ఏడాదిగా సోడాలు తాగాడట. తీరా చూస్తే జీర్ణకోశం గోడకు కణితి.

"అమ్మా, పొట్ట నిలువునా కోస్తే ఇదివరకటిలా ఊపిరి బిగబట్టలేనంటున్నారు. సన్నాయి పోయాక నేనుండి ఏం లాభం?" అని డాక్టర్ ఇందుమతిని అడిగాడు.

"చిన్న బెజ్జాలతోనే మొదలుపెడతానండి. లోపల రక్తం కారి ఆగకపోతే మాత్రం కోయక తప్పదు. అప్పుడు నన్ను తిట్టుకోకూడదు."

"తిట్టడానికైనా ఊపిరుండాలి కదమ్మా," అన్నాడాయన. నాకు తెగ నచ్చేశాడు.

నన్ను వేడినీళ్లలో ముంచి తుడిచారు. చల్లగా వెళితే అద్దానికి ఆవిరి పట్టి ఏమీ కనబడదు. బొడ్డు దగ్గర బెజ్జంలోంచి లోపలికి దిగాను. చోటు కోసం పొట్టనిండా గ్యాస్ నింపారు. గ్యాస్ అనుకుని సోడాలు తాగినవాడికి మళ్లీ గ్యాసే, చూడండి మనుషుల వైద్యం. పైన ఊపిరితిత్తుల కింది పొర, మిషన్ ఇచ్చే ఊపిరికి లేస్తూ దిగుతూ ఉంది. దాని దిగువన కణితి, పెద్ద ఉసిరికాయంత.

కణితిని వేరుచేస్తుండగా రక్తం చిమ్మి నా అద్దం మీద పడింది. తెరంతా ఎరుపు. "ఇక కోసేద్దామా మేడమ్?" అన్నాడు పక్కనున్న డాక్టరు. ఉక్కుముక్కనే అయినా నాకు భయమేసింది. నాకు కనబడకపోవడం వల్ల ఈయన సన్నాయి మూగబోతుందేమో అనిపించింది.

ఇందుమతి లోపల గుడ్డముక్కను అదిమిపెట్టే ఉంచింది. "ముందు స్కోపు కడగండి. చూశాక చెబుతాను," అంది. కడిగి మళ్లీ దింపారు. ఆవిడ గుడ్డ మెల్లగా తీయగానే రక్తం కారే చోటు స్పష్టంగా చూపించాను. క్లిప్పు పడింది, రక్తం ఆగింది. కణితిని చిన్న సంచిలో వేసి, బొడ్డు దగ్గర బెజ్జాన్ని కాస్త పెద్దది చేసి బయటికి తీశారు.

తీసిన గడ్డను బయట కూర్చున్న వాళ్లకు చూపించాలి, లేకపోతే మనవాళ్లు ఆపరేషన్ జరిగిందంటే నమ్మరు. కోటిలింగం భార్య భ్రమరాంబ ట్రేలోకి చూసింది, స్ట్రెచర్ మీద బయటికి తెచ్చిన ఆయన పొట్ట మీది ప్లాస్టర్లు చూసింది. "ఇంత గడ్డ ఆ కన్నంలోంచి ఎలా వచ్చిందండీ? వేరేవాళ్లది కాదు కదా?" అందట. నర్సులు చాన్నాళ్లు చెప్పుకుని నవ్వుకున్నారు.

తరవాత్తరవాత నాలో వెలుగు మోసే సన్నటి దారాలు చిట్లిపోయాయి. పారేయడానికి మనసొప్పక ఇందుమతి నన్ను హాల్లో అద్దాల బీరువాలో పెట్టించింది.

మొన్న ఆసుపత్రి వార్షికోత్సవానికి కోటిలింగం వచ్చి, ఆ హాల్లోనే సన్నాయి ఎత్తాడు. మధ్యలో ఠక్కున ఆపి పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. భ్రమరాంబ కంగారుగా లేచి నిలబడింది. ఆయన జారిన పంచె బిగించుకుని, మళ్లీ ఊది, ఒకే స్వరాన్ని పట్టుకుని ఎంతకీ వదలలేదు.

నా బీరువా అద్దం సన్నగా అదిరింది. ఆనాడు మిషన్ ఊదితే కదిలిన ఆ ఊపిరితిత్తుల కింది పొర, ఇవాళ తనంతట తానే కదులుతోంది. అది దేనికోసం కదులుతుందో నేను మొదటిసారి విన్నాను.