సాగర్ వంచిన సలాక

మా బాపుకు ఇనుము సంగతి ఏమీ తెలియదు. సిరిసిల్లలో మరమగ్గం నడపడమే ఆయన పని. తెగిన పోగును చిటికెలో ముడివేసే వేళ్లు ఆయనవి. అలాంటి మనిషి ఆ పొద్దున కరీంనగర్‌లో ఇనుప దుకాణం ముందు నిలబడి, సంచిలోంచి మా తమ్ముడు సాగర్ వంచిన సలాకను బయటికి తీశాడు.

సాగర్‌కు అదొక పిచ్చి. సలాక రెండు కొసలకూ గుడ్డ చుట్టి, ఛాతీకి దగ్గరగా పట్టుకుని, ఉత్త చేతులతో వంచేవాడు. మొదట పెద్ద మేకులు, తర్వాత సన్న సలాకలు. ఎనిమిది ఎంఎం లావు, జానెడు పొడుగున్న ఈ సలాక మాత్రం వాణ్ని నెలల తరబడి ఏడిపించింది. చివరికి గుర్రపు నాడాలా వంగింది. ఇల్లిల్లూ తిరిగి చూపించుకున్నాడు. "తిన్నది అరగడానికి నీకు ఇంకో పని దొరకలేదారా" అని వెక్కిరించాను. ఆ వారమే వాడికి జ్వరం పట్టుకుంది. తన కాళ్లమీద దవాఖానాకు పోయినవాణ్ని మోసుకొచ్చుకున్నాం.

ఇంట్లో వాడి ఫొటోలు చాలానే ఉన్నాయి. బాపు వాటివైపు చూసేవాడు కాదు. ఈ సలాకనే ఒళ్లో పెట్టుకునేవాడు. వాడి బలమంతా ఆ వంపులోనే మిగిలిందనేవాడు. అలాంటిదొకటి తానూ వంచుతానని ఈమధ్య పట్టుబట్టాడు. ఈ వయసులో ఇదేం పిచ్చని అమ్మ మొత్తుకుంది. నాకూ ఒళ్లు మండింది. కానీ కొడుకు పోయాక ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే, కాదనలేక వెంట వచ్చాను.

దుకాణం సేటు ఓంప్రకాశ్ గాట్లున్న సలాక ఒకటి ముందర పెట్టాడు.

"స్లాబ్ కోసమేనా?"

"కాదు సేటూ. చేతులతోని వంచుతందుకు," అన్నాడు బాపు.

సేటు నవ్వాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"గిది పట్టుకుంటె అరచేతులు కోసుకపోతయి. నున్నటిది చూపియ్యున్రి," అన్నాను.

ఈసారి తళతళలాడేది తెచ్చాడు. బాపు రెండు చేతులా పట్టి ఒత్తి చూసి పక్కన పెట్టేశాడు.

"గిది మెరుస్తది గని మొండిది. ఎంత ఒత్తినా ఎనుకకే వస్తదని మావోడు చెప్పేటోడు. నల్లది గావాలె."

వెనుక షెడ్డులో ఉన్నాయి, చూసుకొమ్మన్నాడు సేటు. బాపు సాగర్ సలాకను దుకాణంలో పనిచేసే దశరథం చేతికిచ్చాడు.

"అన్నా, సరిగ్గ దీని పొడుగే కోసియ్యాలె."

షెడ్డులో కోత యంత్రం మోత. బాపు నల్ల సలాకలను ఒక్కొక్కటే తడిమి, తుప్పు లేనిది ఒకటి ఏరుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖం కాస్త తేటగా కనిపించింది.

బయటికి వచ్చేసరికి దశరథం తిన్నని సలాక ఒకటి పట్టుకుని మా కోసమే చూస్తున్నాడు.

"వంకరున్నదానికి టేపు సక్కగ రాలేదన్నా. పైపు తొడిగి గుంజి, సుత్తెతోని సాపు జేసి కొలిచిన. ఇగ గిది గూడ మీకు పనికొస్తది."

నేను ఆగలేకపోయాను.

"నిన్నెవలు సాపు జెయ్యమన్నరే? మా తమ్ముడు వంచిందది! వాడు లేడిప్పుడు!"

దశరథం ముఖం నల్లబడింది. "నాకెట్ల ఎరుక బిడ్డా? మిషన్ల పెడితె మల్ల గట్లనే వంగుతది. ఇప్పుడే వంచిస్త."

"మిషన్ వంచింది నాకెందుకన్నా," అన్నాడు బాపు. "నీ తప్పేం లేదు. పొడుగు చూడుమన్నది నేనే గద."

దశరథం చేతిలోని సలాకను తీసుకుని, భుజం మీది తువ్వాలను దాని చుట్టూ చుట్టి, ఛాతీకి ఆనించుకుని ఒత్తాడు. మెడ నరాలు ఉబ్బాయి. సలాక కదల్లేదు. ఊపిరి బిగబట్టి మళ్లీ ఒత్తాడు. అయినా అది వంగలేదు. సేటు తల తిప్పుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"సాలు బాపూ. ఇంటికి పోదాం."

ఆయన ఇనుప కుప్ప మీద కూలబడ్డాడు.

"గిదాన్ని వంచిండు బిడ్డా వాడు. ఒక్కడే వంచిండు," అన్నాడు. "చేతులల్ల గింత బలమున్నోడు, జెరమొస్తె ఎట్ల సచ్చిపోయిండే?"