చూపించడానికో గది

“నా మనవరాలేమన్నా అద్దె బొమ్మా? వాళ్ళకి కావలసినప్పుడు తీసుకెళ్ళి షోకేసులో కూర్చోబెట్టడానికి?”

అత్తగారు ఆ మాట అప్పటికి ఎన్నోసారి అన్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. మంచం అంచున కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటూ, చుట్టుకొకసారి అంటున్నారు.

“అది కాదమ్మా, ఒక్క రోజన్నా నీకు విశ్రాంతి దొరుకుతుంది కదా,” అన్నాడు కొడుకు, డ్రైవరు యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ. మొదటి బస్సు తీయాలి, అప్పటికే ఆలస్యమైంది.

“విశ్రాంతి నేనడిగానట్రా? డాక్టరు మోకాలి చిప్ప మార్చాలన్నాడు గానీ సెలవు పెట్టుకోమన్నాడా?”

“మరి పంపకపోతే ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఊరుకుంటాడా? నీ కోడలి ఉద్యోగానికే ఎసరు.”

“ఊరుకోకపోతే వాడి పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టుకోమను!”

గోడవైపు తిరిగి పడుకున్న మామగారు దుప్పటిలోంచి మూలిగారు. “కాస్త మెల్లగా పోట్లాడుకోండి. రాత్రంతా గోడౌను కాపలా కాసొచ్చాను, పగలు మీకు కూడా కాయమంటారా?”

ఇంత రభసా ఆ తల్లీకూతుళ్ళ గురించే. కోడలు కింద కూర్చుని కూతురికి తల దువ్వుతోంది. ఆ పిల్లకి మూడేళ్ళు. ఒక్కచోట నిలవదని ఇంట్లో అందరూ ‘పిట్ట’ అంటారు. ఆ పొద్దున మాత్రం అమ్మతో వెళ్తున్నానని తెలిసి రెక్కలు ముడుచుకుని బుద్ధిగా కూర్చుంది.

“దువ్వడం అయిపోయింది, అత్తయ్యా. తీసుకెళ్తాను,” అంది కోడలు. “వద్దంటే మాత్రం మిగతా రోజులు మీరు చూడగలరా?”

అనేశాక నాలుక కరుచుకుంది. అత్తగారు గుడ్డ కట్టడం ఆపేసి కిటికీలోంచి బయటికి చూశారు. ఆ ఇంట్లో అందరికీ తెలిసి, ఎవరూ పైకి అనని సంగతి అదే. ఆపరేషన్ చేయించుకుంటే అత్తగారు నెలల తరబడి మంచం దిగలేరు. దిగకపోతే పిట్టను చూసేవాళ్ళు లేరు. చూసేవాళ్ళు లేకపోతే కోడలు ఉద్యోగం మానాలి. మానితే ఒక్క బస్సు డ్రైవరు సంపాదనా, మామగారి కాపలా జీతమూ ఇంతమందికి చాలవు. అందుకని ఆసుపత్రివాళ్ళు రమ్మన్నప్పుడల్లా అత్తగారు “ఇప్పుడు నొప్పి తగ్గిందిలే” అంటున్నారు. నొప్పి తగ్గడం ఏనాడూ లేదు. రాత్రిళ్ళు గోడ పట్టుకుని నడిచే చప్పుడు అందరికీ వినబడుతూనే ఉంది.

*

ఆమె పనిచేసేది చొక్కాల ఫ్యాక్టరీలో. వరసగా మిషన్లు, మిషనుకో మనిషి, మనిషికో ముక్క. ఒకామె జేబు కుడితే ఇంకొకామె చేతిపట్టీ కుడుతుంది. అక్కడ ఎవరికీ సొంత పేరు మిగలదు, కుట్టే ముక్కే పేరైపోతుంది. ఆమె కాలరు కుడుతుంది కాబట్టి కాలరక్క. పక్క మిషను మీద జేబక్క. వెనక మిషను మీద కొత్తగా పెళ్ళయి, చంటిపిల్లాణ్ణి పక్కింట్లో వదిలొచ్చే పిల్ల పట్టీ.

కాలరు తేలిక పని కాదు. కాలరు గట్టిగా నిలబడటానికి లోపల పెట్టే బక్రం గుడ్డ ఏ వైపు ఉండాలో, మొన ఎక్కడ తిప్పాలో వేళ్ళకి తెలియాలి. ఆ తెలివి చేతికి రావడానికే ఏళ్ళు పడుతుంది. కాలరు ఆగితే వరసంతా ఆగుతుంది, మెడ లేని చొక్కాను ముందుకి పంపేదెవరు?

ఫ్యాక్టరీ వరండా చివర ఒక గదుంది. తలుపు మీద బాతు బొమ్మ, పైన ‘పిల్లల గది’ అని రంగుల అక్షరాలు. లోపల నేల నుంచి కప్పుదాకా అట్టపెట్టెలు. పెట్టెలకి చెమ్మ తగలకూడదని ఒక ఫ్యాను కూడా పెట్టారు. చొక్కాలు కొనే పెద్ద కంపెనీ మనుషులు, అంటే బయ్యర్లు, చూడటానికి వస్తున్నారంటే మాత్రం ఆ పెట్టెలు రాత్రికి రాత్రి షెడ్డులోకి వెళ్ళిపోతాయి. చాపలు పరుచుకుంటాయి, బీరువాలోంచి బొమ్మలు దిగుతాయి. ముందురోజు సాయంత్రం ఆఫీసులో పనిచేసే అమ్మాయి, అందరూ ఆఫీసమ్మ అంటారు, మిషన్ల మధ్యనుంచి నవ్వుకుంటూ వస్తుంది.

“చంటిపిల్లలున్నవాళ్ళు రేపు తీసుకురండి. స్నానం చేయించి, ఉతికిన బట్టలు వేసి. ఏడ్చే పిల్లలైతే వద్దు.”

గత ఏడాది పిట్టకి ఏడుపెక్కువ. అందుకని ఇదే మొదటిసారి.

*

గది గుమ్మంలో పిట్ట అమ్మ చేయి వదిలి లోపలికి పరుగెత్తింది. అక్కడ ఒక పెద్దావిడను కూర్చోబెట్టారు. గోదాంలో ఊడ్చే మనిషికి ఆ రోజుకి శుభ్రమైన చీర కట్టించారంతే. కాని పిల్లలంటే ఆవిడకి ప్రాణం, క్షణంలో అందరినీ చుట్టూ పోగేసుకుంది.

కోడలు మిషను దగ్గరకొచ్చి కూర్చుంది. గోడకి అవతల కూతురి నవ్వు వినబడుతోంది. మిషన్ల మోతలో అసలు వినబడకూడదు. కానీ తల్లి చెవి కదా, వినబడింది.

మామూలు రోజుల్లో ఆ వరస ఎలా ఉంటుందో చెప్పాలి. ఫోన్లు గేటు దగ్గరే వదిలి రావాలి. ఇంటినుంచి కబురొస్తే గేటు వాచ్‌మన్ లోపలికి నడిచి రావాలి. అతని టోపీ తలుపులో కనిపించిందంటే చాలు, పిల్లలున్న ఆడవాళ్ళందరి మిషన్లూ ఒక్కసారి ఆగిపోతాయి. ఎవరి కోసమో? జ్వరమా, పడిపోయిందా, పక్కింటావిడ ఊరెళ్ళిపోయిందా? అతను ఎవరో ఒకరిని పిలుస్తాడు. మిగిలినవాళ్ళు ఊపిరి పీల్చుకుని మళ్ళీ పెడలు తొక్కుతారు. పిలుపొచ్చిన మనిషి మాత్రం సగం కుట్టిన ముక్క వదిలేసి, పూట జీతం పోగొట్టుకుని పరుగెడుతుంది. ఒకసారి పిట్టకి జ్వరమని కబురొస్తే, సూపర్‌వైజరు “చేతిలో ఉన్న కట్ట పూర్తిచేసి పో” అన్నాడు. కాలరక్క పూర్తిచేసింది. బక్రం వైపు పైకి పెట్టి, కట్ట కట్టంతా తలకిందులుగా. మర్నాడు వాటిని విప్పడానికి మనిషిని కేటాయించాల్సి వచ్చింది. ఆ తిట్లు ఇంకా ఆమె చెవుల్లో ఉన్నాయి.

ఆ రోజు మాత్రం కట్ట తర్వాత కట్ట వెళ్ళిపోతోంది. మధ్యాహ్నానికి ముందు వాచ్‌మన్ బయ్యర్లకి దారి చూపిస్తూ తలుపులోకి వచ్చాడు. టోపీ కనిపించింది. ఒక్క మిషనూ ఆగలేదు.

“చూశావా అక్కా?” అంది వెనకనుంచి పట్టీ. “అతను వచ్చినా నా గుండె ఆగలేదు!”

“నాకూ ఆగలేదే,” అంది జేబక్క. ఆవిడ పిల్లలు పెద్దవాళ్ళైపోయారు, అయినా పాత అలవాటు. “ఈ మిషను మీద నేను కుట్టింది తక్కువ, నేర్పింది ఎక్కువ. నేర్పిన పిల్ల చేయి తిరిగేసరికి కడుపు పండుతుంది, కడుపు పండగానే మానేస్తుంది. మళ్ళీ కొత్త పిల్ల, మళ్ళీ దారం ఎక్కించడం దగ్గర్నుంచి. ఆ గది ఒక్కటి తెరిచి ఉంచితే నా నోటికి కాస్త విశ్రాంతి దొరికేది.”

“నీ నోటికా? ఆ గది తెరిచినా దొరకదులే అక్కా!”

వరసంతా నవ్వింది. నవ్వుతూనే కుట్టింది.

బయ్యర్లలో ఒకావిడ గదిలో పిల్లల్ని చూసి మురిసిపోయి, వరస దాకా వచ్చి కాలరక్క పక్కన ఆగింది. “మీ పాప కూడా అక్కడుందా? రోజూ తీసుకొస్తారా?”

కోడలు నోరు తెరిచేలోగా ఆఫీసమ్మ అందుకుంది. “రోజూనండీ! మా తల్లులందరూ రోజూ తీసుకొస్తారు. అవునా, అక్కా?”

అవునని తల ఊగింది. ఎలా ఊగిందో ఆమెకే తెలియదు. ఆవిడ సంతోషంగా భుజం తట్టి వెళ్ళిపోయింది. తట్టిన చోట చీమలు పాకినట్టయింది.

*

సాయంత్రం గంట కొట్టాక సూపర్‌వైజరు వరస ముందు నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

“ఈ ఏడాదిలో ఇంత సరుకు ఏ రోజూ దిగలేదు. ఆల్టర్‌కి, విప్పి మళ్ళీ కుట్టడానికి, వెనక్కి వచ్చిన ముక్కలు కూడా లేవు. బయ్యర్ల భయం ఉంటే ఎంత బాగా కుడతారో చూశారా? అంటే మిగతా రోజులు ఒళ్ళు దాచుకుంటున్నారన్నమాట!”

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్చీలోంచి లేచింది.

“భయం కాదు సార్. పిల్లలు గోడ పక్కనే ఉన్నారు. ఇవాళ ఎవరన్నా మధ్యలో లేచి వెళ్ళారా? ఎవరన్నా నాగా పెట్టారా?”

“ఓహో, అయితే కుట్టింది మీ పిల్లలా?”

“కుట్టనిచ్చింది వాళ్ళే సార్. ఆ గది రోజూ తెరిస్తే రోజూ ఇంత సరుకు దిగుతుంది. మీకే లాభం.”

“లాభనష్టాలు నువ్వు చెప్తావా నాకు? రేపు పొద్దున్నే షెడ్డులోంచి పెట్టెలు లోపలికి రావాలి. వానొస్తే తడిసి చస్తాయి.”

పెట్టెలు తడిస్తే చస్తాయి. పిల్లలు ఏ పక్కింట్లో, ఏ వీధిలో ఎలా తడిసినా ఫ్యాక్టరీకి బాధ లేదు! ఆమె విసురుగా గదివైపు నడిచింది.

అక్కడ ఆఫీసమ్మ పిల్లల చేతుల్లోంచి బొమ్మలు తీసుకుంటోంది. ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో సర్దుతోంది. పిట్ట చేతిలో ఒక గుడ్డ ఏనుగుంది. పొద్దున్నుంచీ దాన్ని వదల్లేదట. ఆఫీసమ్మ చేయి చాపితే పిట్ట ఏడవలేదు, మారాం చేయలేదు. ఏడ్చే పిల్లలు వద్దన్నారని ఎవరో చెప్పినట్టే, మర్యాదగా అందించేసి అడిగింది.

“మళ్ళీ ఎప్పుడిత్తావ్?”

ఆఫీసమ్మ కవరు జిప్పు లాగింది. ఆ అమ్మాయి చెంపలు కందిపోవడం కోడలు చూసింది. కానీ ఆ పూట ఎవరి మీదా జాలి పడే ఓపిక ఆమెలో మిగల్లేదు. ఏ కడుపున పుట్టిన పిల్లనైనా ఇలా ఒక పూటకి ముద్దుచేసి, మురిపించి, ఖాళీ చేతులతో పంపుతారా?

గేటు బయట తల్లులందరూ పిల్లల్ని చంకన వేసుకుని ఆగారు. ఎవరూ ఆగమనలేదు, అయినా ఆగారు.

“రేపు మావాణ్ణి పక్కింట్లో దింపాలంటే కాళ్ళు రావడంలేదక్కా,” అంది పట్టీ.

“దింపకు,” అంది కోడలు.

పట్టీ ఆమె మొహంలోకి చూసింది. మిగతావాళ్ళూ చూశారు.

“ఉద్యోగం ఊడబీకితే?” అంది ఒకామె.

“ఎంతమందిని ఊడబీకుతాడు?” జేబక్క అడ్డు తగిలింది. “కొత్తవాళ్ళకి నేర్పడానికి నేనుండాలిగా. నేను నేర్పను. మొండికేస్తాను. ఈ వయసులో నన్నేం చేస్తాడట?”

చాలాసేపు మాట్లాడుకున్నారు. బస్సులు రెండు వదిలేశారు.

*

ఇంటికొచ్చేసరికి అందరూ అన్నాల దగ్గర కూర్చున్నారు. పిట్ట తాతయ్య ఒళ్ళో చేరి ఏనుగు కబుర్లు మొదలుపెట్టింది. ఆయన డ్యూటీకి వెళ్ళేముందు నాలుగు ముద్దలు తింటూ, ప్రతి మాటకీ “ఆహా” కొడుతున్నారు.

“ఏనుగేదీ మరి? తెచ్చుకోలేదా?” అన్నారు.

“తీసేసుకున్నాలు.”

అత్తగారి ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. “చూశార్రా? పొద్దున్నే చెప్పలేదూ నేను? చంటిదాని చేతిలోది లాక్కునే ఆ చేతులు—”

“మెల్లగా,” అన్నారు మామగారు.

“మీకు అన్నీ మెల్లగానే కావాలి!”

“అయిందేదో అయింది. మళ్ళీ ఏడాదిదాకా ఆ గొడవ లేదుగా,” అన్నాడు కొడుకు, కూర గిన్నె తల్లివైపు జరుపుతూ.

కోడలు చేతులు కడుక్కుని వచ్చి పీట వాల్చుకుంది. కంచంలో అన్నం పెట్టుకుంది. పొద్దుటి కోపం, సాయంత్రపు కోపం, కేకలు వేయాలన్న కోరిక దారిలోనే ఎక్కడో గట్టిపడి సర్దుకున్నాయి. గొంతు మామూలుగానే వచ్చింది.

“రేపు కూడా పిట్టను తీసుకెళ్తున్నాను.”

“రేపు బయ్యర్లు రారుగా?” అన్నాడతను.

“రారు.”

“గదికి తాళం వేస్తారే!”

“వేస్తే వరండాలో కూర్చుంటాం, పిల్లలతో సహా. ఇప్పుడే గేటు దగ్గర అందరం అనుకున్నాం. గది తీసేదాకా మిషను ఎక్కం.”

ఉద్యోగం పోతుందేమో అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చి, తల్లి మోకాలి కట్టు మీద చూపు పడి, వెనక్కి వెళ్ళిపోయింది.

“పోతే పోతుంది,” అంది ఆమె, అతను అడిగినట్టే. “రేపు నేను దీన్ని తీసుకెళ్ళకపోయినా, అత్తయ్య మంచం ఎక్కితే పోయేదే కదా. ఊరికే పోగొట్టుకునే బదులు అడిగి పోగొట్టుకుంటాను. కానీ పోదనే అనుకుంటున్నాను. ఇవాళ దిగిన సరుకు వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూశారు.”

తర్వాత అత్తగారివైపు తిరిగింది.

“అత్తయ్యా, రేపు ఆసుపత్రికి వెళ్ళి ఆపరేషన్‌కి రోజు తీసుకోండి. ఈసారి నొప్పి తగ్గిందని చెప్పకండి.”