పెళ్లిలో భూస్థాపన పాట

నేను జొన్నపిండి కలుపుతుంటే మా అత్త ఓబులమ్మ అంది, "పాటల యాప్ చేసినాడని మా ఏసురాజును సంఘంలో అందరూ మెచ్చుకుంటాండారు జీవితా. నువ్వూ చదివినావు కదమ్మా, ఏమన్నా చేయరాదా?" నేను రొట్టె తట్టాను. అది రాసింది నేనే అత్తా అని నోటిదాకా వచ్చింది కానీ ఏ మొహం పెట్టుకుని అనాలి? యాప్ తెరవగానే కనపడే ‘సమర్పణ: ఏసురాజు’ అన్న మాట టైపు చేసింది కూడా నేనే. "ఆడమనిషి పేరుంటే పెద్దలు వాడరు, నీదైతేనేం, నాదైతేనేం" అన్నాడు మా ఆయన. నిజమే కదా అనుకున్నాను, పిచ్చిదాన్ని.

పాప పుట్టకముందు కర్నూలులో ఒక కాలేజీలో పైథాన్ అనే కంప్యూటర్ భాష చెప్పేదాన్ని. ఆ భాషలో ఒక్కసారి రాసుకుంటే ఆండ్రాయిడ్ ఫోన్‌కూ ఐఫోన్‌కూ అదే పనికొస్తుందని, వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఈ యాప్ రాశాను. పాట నంబరు కొడితే పాట వస్తుంది, అంతే. దానికోసం పాలు పొంగబెట్టి అత్తతో మాటలు పడ్డాను, ఊరికే పాపను కసిరాను. నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో చక్కగా నడిచింది. ఐఫోన్‌కు తయారు చేయాలంటే మాత్రం ఆపిల్ కంప్యూటర్ కావాలి. ఇంట్లో ఉన్నది ఆయనకు ఆఫీసువాళ్లు ఇచ్చినదొక్కటే. నేను రాసింది తీసుకుని ఆయనే తన ఫోన్‌లో ఎక్కించుకున్నాడు. "ఒక్కసారి ఇవ్వండి, ఎట్ల కనపడుతాందో చూస్తా" అని అడిగాను. "నా ఫోన్‌తో నీకేం పని? బాగనే ఉండాది పో" అన్నాడు. మా ఇంట్లో ఆయన ఫోన్ అడగడమంటే ఆయన్ని అనుమానించినట్టే లెక్క. మళ్లీ అడగలేదు.

ఆ వారమే మా సంఘంలోని విశ్వాసమ్మక్క కూతురి పెళ్లి. చర్చిలో ఆయన ఐఫోన్‌ను ప్రొజెక్టర్‌కు తగిలించారు. పాస్టర్ అయ్యగారు పెళ్లి పాట నంబరు చెప్పారు. ఆయన కొట్టడం మొదలుపెట్టగానే గోడ మీద చూశాను. నంబరు కొట్టే గడి మీదికి కీబోర్డు లేచి మూసేసింది. ఏం కొడుతున్నాడో కనపడక ఆయన ఒక అంకె ఎక్కువ కొట్టాడు. గోడ మీద చనిపోయినవాళ్లను పూడ్చేటప్పుడు పాడే భూస్థాపన పాట పడింది. అక్కడ ఏది పడితే అది పాడటం మా సంఘానికి అలవాటు. చాపల మీద కూర్చున్న ముసలమ్మలు పల్లవి ఎత్తుకున్నారు కూడా. విశ్వాసమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఆయన లేచి నిలబడ్డాడు. "తప్పు నాది కాదయ్యగారూ. ఆ యాప్ మా ఇంటామె రాసినాది. ఇంట్లో కూచుని ఏందో నేర్చుకుంటాంది."

అందరూ నా వైపు తిరిగారు. పక్కనే ఉన్న మా అత్త కూడా. తల కొట్టేసినట్టయింది. పెళ్లికూతురి వైపు చూడలేకపోయాను.

పెళ్లయ్యాక విశ్వాసమ్మక్క చేతులు పట్టుకుని తప్పయిందని బతిమాలుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ యాప్ చేసింది నువ్వా? మాకు ఎవురూ చెప్పలేదే" అంది. దానికీ సిగ్గేసింది నాకు, ఎక్కువే వేసింది.

భోజనాల దగ్గర పెద్దల మధ్య కూర్చున్న ఆయన ముందుకు పోయి చెయ్యి చాపాను.

"ఫోన్ ఇవ్వండి. ఆఫీసు కంప్యూటరు కూడా కావల్ల."

"ఇప్పుడెందుకు? ఇంటికి పోయినాక చూద్దాంలే."

"ఈడనే ఇవ్వండి. సరిచేయల్ల."

అందరూ చూస్తుంటే ఫోన్ ఇవ్వక, ఇంట్లో ఉన్న ఆఫీసు కంప్యూటరుకు సరే అనక తప్పలేదు.

సాయంత్రానికి ఇంట్లో కూర్చుని గడిని కీబోర్డుకు పైన కనపడేట్టు జరిపి, ఆయన ఫోన్‌లోనే పదే పదే నంబర్లు కొట్టి చూసుకున్నాను. నా సిగ్గు తగ్గలేదు, విశ్వాసమ్మక్క ముఖమే కళ్లలో ఉంది. ఫోన్ తిరిగిచ్చాను. ఆయన యాప్ తెరిచి, తలెత్తాడు.

"నా పేరు యాడికి పోయింది?"

"తప్పు నాదని సంఘంలో మీరే చెప్పినారు కదా," అన్నాను. "అందుకే నా పేరు పెట్టినా."